రెండో నీళ్ళు

మాత్రలు పనిచేయడం మానేసిన మూడో ఏడు మా చెల్లెలు వళ్లి నెల తప్పింది. మామూలు రోజులైతే వీధంతా చక్కెర పంచేదాన్ని. ఆ కబురు విని కుర్చీలో కూలబడ్డాను. కాలికి ముల్లు గుచ్చుకుంటే మనిషి పోతున్న కాలం అది. ఏ సూదిమందుకూ ఏ క్రిమీ చావడం లేదు. పురిటికి పోయే ఆడవాళ్ళు ముందే నగలు పంచిపెట్టి, అత్తగారికి అప్పగింతలు చెప్పి మరీ బయల్దేరుతున్నారు.

వళ్లి కంటే నేను పదకొండేళ్ళు పెద్ద. నా పేరు దేవసేన. మా నాయన తిరుత్తణికి కావడి మోసుకుపోయిన భక్తిలో ఇద్దరు కూతుళ్ళకూ స్వామివారి ఇద్దరు భార్యల పేర్లు పెట్టేశాడు. మీ ఇద్దరికీ ఒకే మొగుడా అని బడిలో పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు. తీరా చూస్తే నాకు అసలు పెళ్ళే కాలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. అమ్మ పోయేనాటికి వళ్లికి నాలుగేళ్ళు. నాయన మనిషి ఉన్నా లేనట్టే. దాన్ని పెంచి, చదివించి, మొగిలయ్య చేతిలో పెట్టేసరికి నాకు సంబంధాలు తెచ్చేవాళ్ళకే ఓపిక అయిపోయింది.

నేను సూక్ష్మజీవుల మీద పనిచేస్తాను. దామలచెరువు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల రేకుల కప్పు కింద రెండు గదులు, ఒక ఫ్రిజ్జు, రెండు సూక్ష్మదర్శినులు, అదీ మా లేబొరేటరీ. ఎండాకాలం వచ్చిందంటే తోతాపురి కాయలు ట్రాక్టర్లలో వచ్చి పడతాయి. గుజ్జు డబ్బాల్లోకి పోతుంది, తొక్కా టెంకా మా కిటికీ ముందు కుప్పగా పడతాయి. ఆ కంపుకి భయపడి మా దగ్గరికి ఏ అధికారీ తనిఖీకి వచ్చేవాడు కాదు కాబట్టి ఆ కుప్పంటే నాకు గౌరవం ఉండేది.

ఒక రోజు ఆ కుప్పను చూస్తుంటే ఒక సంగతి తట్టింది. తొక్కల మీద బూజు, పురుగు, ఈగలు, అన్నీ ఉన్నాయి. పగిలిన టెంకల మధ్య నిలిచిన నీళ్ళలో మాత్రం ఏమీ లేదు. చెంచాడు తెచ్చి గాజు పళ్ళెంలో పెంచిన మొండి క్రిముల మీద ఒక చుక్క వేశాను. తెల్లారేసరికి చుక్క పడినచోట చిన్న ఖాళీ ఏర్పడింది. టెంక లోపలి పప్పులో, మావైపు జీడి అంటామే, దాంట్లో ఏదో ఉంది. జీడిని దంచి ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు వాడి చూస్తే ఖాళీ ఇంకాస్త పెరిగింది. గొప్పగా ఏమీ కాదు. అయినా మూడేళ్ళుగా ఏ మందూ ఆ పాటి ఖాళీ చేయలేదు.

పరీక్షలకు బిందెలకొద్దీ నీళ్ళు కావాలి. మా రెండు గదుల్లో అది కుదిరే పని కాదు. అందుకని కుప్ప దగ్గర టెంకలు ఏరే ఆడవాళ్ళ మేస్త్రీ మునెమ్మకు పని అప్పగించాను. అరవై దాటిన మనిషి, నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. జీడి దంచాలి, రాత్రంతా నానబెట్టాలి, నీళ్ళు వడకట్టి పంపాలి అని కాగితం మీద రాసుకుని చదివి వినిపించాను. మనుషులు తాగే మందు, జాగ్రత్త అని కూడా చెప్పాను. తలూపింది.

మునెమ్మ పంపిన నీళ్ళు పళ్ళెంలో వేశాక నేను చూసింది ఖాళీ కాదు, మైదానం. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒక్క క్రిమి మిగల్లేదు. నేను చేసిన నీళ్ళకంటే పదింతలు బలం. ఎందుకు అని అడగాల్సింది. ఇరవై ఏళ్ళుగా ఈ చదువు నాకు నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే. పెద్ద తొట్టెలో నానితే సారం బాగా దిగుతుందేమో అని నాకు నేనే సమాధానం చెప్పుకుని సంతోషపడ్డాను. ఫ్యాక్టరీ వెనక షెడ్డు మా గుమ్మానికి నూరడుగుల దూరం. ఆ నూరడుగులు నడిచి పోయి చూడలేదు.

ఎలుకలకు తాగించాం, బాగున్నాయి. వేరే దారి లేని రోగులకు, సంతకం తీసుకుని, పరీక్షలో ఉన్న మందు ఇవ్వొచ్చని అప్పటికే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మొదట తాగినవాడు ఫ్యాక్టరీ వాచ్‌మన్ చెంగల్రాయులు. రేకు కోసుకుని కాలు మోకాటి దాకా నల్లబడింది. పదకొండు రోజులు, పూటకో గ్లాసు. పన్నెండో రోజు తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచిపోయాడు. ఇంటి ముందు అతను ఎనిమిదేళ్ళు సాకిన కుక్క అతన్ని చూసి మొరిగి, మీదికి దూకి, వీధి చివరి దాకా తరిమింది. ఫ్యాక్టరీ అంతా వారం రోజులు చెప్పుకుని నవ్వింది. యముడు తిప్పి పంపినవాణ్ణి కుక్క గుర్తుపడుతుందా అని నేనూ నవ్వాను.

శ్రావణమాసంలో వళ్లికి ఆడపిల్ల పుట్టింది, నెల ముందే. పిల్లను గాజు పెట్టెలో పెట్టారు. మూడో రోజు వళ్లికి జ్వరం అందుకుంది. నాలుగో రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి తల అడ్డంగా ఊపాడు. నేను బస్సెక్కి మా గదులకు పోయి రెండు బిందెల నీళ్ళు కారులో వేయించుకుని వచ్చాను. మొగిలయ్య మామిడికాయల ట్రాక్టరు తోలే మనిషి. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. కాగితం మీద సంతకం పెట్టే ముందు నన్ను ఒక్కటే అడిగాడు.

"వదినా, ఇది తాగితే మనిషి దక్కుతాదా?"

దక్కుతుందని చెప్పాను. అబద్ధం కాదు. తాగడం మొదలుపెట్టిన నాలుగో రోజుకు జ్వరం దిగింది. పదకొండో రోజుకు లేచి కూర్చుంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెబుతాను. ఆ నీళ్ళు తాగకపోతే నా చెల్లెలు ఆ శ్రావణం దాటేది కాదు. జరిగిన మిగతాదంతా ఈ మాట పక్కన పెట్టి చూసుకోవాలి.

ఈలోగా పాపను గాజు పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చారు. మొగిలయ్యకు తల్లి లేదు, మాకూ లేదు. బిడ్డకు ఒంటి వేడి చాలదు, పగలూ రాత్రీ ఒంటికి ఆనించుకునే ఉండాలి అని నర్సు చెప్పి, నా జాకెట్టు హుక్కులు తనే విప్పి, పిల్లను నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి పైన చీర కప్పింది. నలభై రెండేళ్ళు వచ్చిన పెళ్ళికాని మనిషిని. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. ఒక గంటకు సిగ్గు పోయింది. పాప ముక్కు నా మెడ కింద గుంటలో పెట్టుకుని నిద్రపోయింది. కదిల్తే లేస్తుందని మూడు గంటలు నీళ్ళు కూడా తాగలేదు.

అట్లా ఇరవై మూడు రోజులు. ఉగ్గుగిన్నెతో పాలు పట్టేదాన్ని. తాగి, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుని, ముక్కు ఆ గుంటలో చేర్చాక గానీ కళ్ళు మూసేది కాదు. ఒక ప్రాణం నన్ను అట్లా వెతుక్కోవడం నాకదే మొదటిసారి. లేబొరేటరీ గుర్తొచ్చేది కాదు. ఆసుపత్రి నుంచి వళ్లి ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూశాను, నిజం. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే బాగుండునని అనుకున్నానంటే అదీ నిజమే.

వళ్లి ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది గానీ మొహంలో వెలుగుంది. మంచం మీద కూర్చుని చేతులు చాపింది. పాపను ఒళ్ళో పెట్టాను. పిల్ల తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, తల్లి మెడ దగ్గర వెతికింది, రొమ్ము దగ్గర వెతికింది. అక్కడ మనిషి ఉన్నట్టే దానికి అనిపించలేదు. వెనక్కి విల్లులా వంగి ఏడుపు లంకించుకుంది. నేను తీసుకోగానే ఊరుకుంది.

కొత్త కదా, అలవాటవుతుందిలే అన్నాం. పసిపిల్లలు వారంలో మరిగిపోతారని డాక్టరూ చెప్పాడు. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. వళ్లి పాడింది, ఆడించింది, నా చీర కట్టుకుని చూసింది. పిల్ల ఏడ్చి ఏడ్చి నీలం తిరుగుతుంటే మళ్ళీ నన్నే పిలవాల్సి వచ్చేది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతున్నా బిడ్డ నోరు పెట్టలేదు. ఆ రెండు వారాలు తిరిగేసరికి పాలూ ఇగిరిపోయాయి.

మొగిలయ్య కూడా మారాడు. చెడ్డవాడు కాదు, ఏమీ అనలేదు. నిద్ర పట్టడం లేదని చాప తీసుకుని వరండాలోకి పోయాడు. పక్కన మనిషి ఉన్నా మంచం ఖాళీగా ఉన్నట్టు ఉంటుందని, అదేం పాడు ఆలోచనో తనకే తెలియడం లేదని నాతో ఒకసారి తల వంచుకుని చెప్పాడు.

ఒక మధ్యాహ్నం పాపను నిద్రపుచ్చి ఉయ్యాల్లో వేసి నేను వెళ్ళబోతుంటే వళ్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. మామూలుగా అడిగినట్టే అడిగింది.

"అక్కా, నేను ఆ ఆసుపత్రిలోనే పోయినానేమో. నా మొహం చూసి చెప్పలేక మీరంతా ఊరికే ఉండారా?"

నేను అప్పుడు పోయాను లేబొరేటరీకి, నలభై రోజుల తర్వాత. వళ్లి మెడ మీద, చంకలో, రొమ్ము దగ్గర దూదితో తుడిచి తెచ్చి గాజు పళ్ళేల్లో పెట్టాను. ఎవరి ఒళ్ళు తుడిచి పెట్టినా రెండు రోజుల్లో పళ్ళెం నిండా చుక్కలు మొలవాలి. మన చర్మం మీద కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఒంటి చెమటకు దానంతట దానికి వాసన లేదు. అవి తిని వదిలితేనే వాసన. ఎవరి కాపురం వాళ్ళది కాబట్టి ఎవరి వాసన వాళ్ళది. వళ్లి పళ్ళేలు మూడు రోజులు, ఐదు రోజులు, వారం చూశాను. ఒక్క చుక్క మొలవలేదు. చెంగల్రాయుల్ని పిలిపించాను, అతని పళ్ళెమూ అంతే. అప్పటికి ఆ నీళ్ళు తాగినవాళ్ళు తొమ్మిది మంది. తొమ్మిది పళ్ళేలూ ఖాళీ. కుక్క సంగతికి నవ్విన నవ్వు అప్పుడు గుర్తొచ్చింది.

నా చేత్తో నేను చేసిన పాత నీళ్ళు ఫ్రిజ్జులో ఒక సీసా ఉంది. పరీక్షించి చూస్తే అవి మొండి క్రిముల్ని కొంచెం కొంచెంగా చంపుతున్నాయి, చర్మం మీది వాటి జోలికి మాత్రం పోవడం లేదు. అదే జీడి, అదే పద్ధతి. ఇక ఆ నూరడుగులూ నడవక తప్పలేదు.

పొద్దున్నే షెడ్డు దగ్గర నిలబడి చూశాను. మునెమ్మ రాత్రి నానిన జీడిని చేత్తో కలిపింది. పైన తేలిన ఎర్రటి నీళ్ళను తొట్టె వంచి మునగచెట్టు మొదట్లో పారబోసింది. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి మూత పెట్టింది. ఈ రెండో నీళ్ళే రేపు వడకట్టి నాకు పంపుతుందన్నమాట. మొదటి నీళ్ళు ఎందుకు పారబోశావని అడిగాను. వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"వగరు గదా పాపా. కరువులో మాయమ్మ జీడి అంబలి కాచేటప్పుడు మొదటి నీళ్ళు ఎప్పుడూ పారబోసేది. మనుషులు తాగేదానికని నువ్వే చెప్తివి. మొదటి నీళ్ళు మనిషికి ఎవురన్నా తాపతారా?"

జీడి తిని కరువు దాటిన ఏ ఇంట్లోనూ మొదటి నీళ్ళు మనిషికి ఇవ్వరు. నాకు పంపేది పళ్ళేలకో ఎలుకలకో అనుకుని ఉంటే ఆవిడ కాగితంలో ఉన్నట్టే చేసి ఉండేది. మనుషులకని చెప్పాను కాబట్టి జాగ్రత్త తీసుకుంది. తప్పు ఆమెది కాదు. పోయి చూడనిది నేను.

మిగతాది తొందరగానే తేలింది. మొదటి నీళ్ళలో చంపే బలం కొంచెమే, కానీ రెండో నీళ్ళకు కళ్ళెం వేసేవి అవే. రెండూ కలిసి ఉంటే మందు రోగాన్ని చంపి ఊరుకుంటుంది. కళ్ళెం లేని రెండో నీళ్ళు ఒంట్లోకి పోయి చర్మంలో తిష్ట వేస్తాయి. కొత్తవి ఏవి వచ్చి వాలినా నెలల తరబడి బతకనివ్వవు. ఆ రోజు నుంచి మునెమ్మ రెండు నీళ్ళూ కలిపి పంపడం మొదలుపెట్టింది. ఆ మందే ఇప్పుడు దేశమంతా తాగుతున్నారు. పురిటికి పోయే ఆడవాళ్ళు నగలు ఒంటి మీదే ఉంచుకుని పోతున్నారు. పేపర్లలో నా ఫోటో వేశారు. మునెమ్మ ఫోటో కూడా వేయమని పోట్లాడితే చివరికి ఒక పేపరు వేసింది, పేరు తప్పు రాసి.

తొమ్మిది మంది మాత్రం మిగిలారు. మొదటి నీళ్ళతో వారం రోజులు ఒళ్ళు కడిగితే చర్మంలోని తిష్ట వదులుతుందని కనిపెట్టాను. ఆ తర్వాత మళ్ళీ విత్తనం వేయాలి. ఎవరి విత్తనం వాళ్ళకు ఎక్కడా మిగల్లేదు. ఇంకొకరి ఒంటి నుంచి తడిగుడ్డతో తీసి వీళ్ళ ఒంటికి రాయాలి. చెంగల్రాయులు తన తమ్ముడి దగ్గర తీసుకున్నాడు. కుక్క అరగంట అతని చుట్టూ తిరిగి వాసన చూసి, నమ్మీ నమ్మనట్టు తోక ఊపిందట.

వళ్లికి ఎవరి దగ్గర తీయాలనే ప్రశ్నే రాలేదు. పాపకు తెలిసిన వాసన ఒక్కటే. నా మెడ కింద, చంకల్లో, గుండెల మీద గుడ్డతో తుడిచి నేనే నా చెల్లెలి ఒంటికి రాశాను. రోజూ రాశాను. తొమ్మిదో రోజు తన పళ్ళెంలో చుక్కలు మొలిచాయి. ఆ సాయంత్రం వళ్లి స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ ఆగిపోయి, తన మోచేతి మడతలో ముక్కు పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

"అక్కా, ఇది నీ వాసన. అమ్మ పోయినాక నీ మెడ పట్టుకుని పండుకుంటాంటినే, ఆ వాసన" అంది.

పాపను ఇచ్చాను. పిల్ల ఏడుపుకు సిద్ధమై, తల తిప్పి, ఆగి, మెడ దగ్గర ముక్కు పెట్టి, ఒళ్ళు వదిలేసింది. వళ్లి ఊపిరి బిగబట్టి కూర్చుంది, అచ్చం నేను మొదటి రోజు కూర్చున్నట్టు. మొగిలయ్య గుమ్మంలో నిలబడి చూసి, పోయి వరండాలోని చాప లోపలికి తెచ్చాడు. నేను బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. ఎడమది కుడికీ కుడిది ఎడమకూ వేసుకుని వీధి మలుపు దాకా నడిచానని అక్కడ ఎవరో నవ్వితే తెలిసింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, పాప తల్లి ఒళ్ళోంచి నా వైపు దూకేది. వాసన ఒకటే అయినా మొదట మరిగిన ఒళ్ళు నాది. నన్ను చూశాక మళ్ళీ వళ్లి దగ్గరికి పోవడానికి పూట పట్టేది. ఆ పూటంతా వళ్లి నవ్వు మొహంతోనే వంట చేసుకునేది. నన్ను రావద్దని అది ఎన్నటికీ అనదు. దాన్ని పెంచింది నేను, నాకు తెలుసు.

నేనే మానుకున్నాను. నాలుగు రోజులు పోలేదు. ఐదో రోజు ఫ్యాక్టరీలో పనుందని చెప్పి బయల్దేరిన మనిషిని వాళ్ళ వీధిలో కిటికీ కింద తేలాను. లోపల పాప ఊ కొడుతుంటే విని గోడ పట్టుకుని నిలబడ్డాను. తిరుపతికి బదిలీ చేయించుకుందామనుకున్నాను. బదిలీ అయితే ఏమవుతుంది, శనివారం మొదటి బస్సుకు ఇక్కడ దిగుతాను. ఆ పిల్ల నన్ను వెతుక్కున్నంత కాలం నేను పోతూనే ఉంటాను. నా కాళ్ళను నేను ఆపలేను. ఆపగలిగేది దాని ముక్కును మాత్రమే.

రెండో నీళ్ళు విడిగా తయారుచేయడం అప్పటికి నిషేధం, ఆ నిషేధం రాయించింది నేనే. షెడ్డులో మునెమ్మ కళ్ళ ముందే జీడి నానబెట్టుకున్నాను. తెల్లవారి పోయి తొట్టె వంచి మొదటి నీళ్ళు మునగచెట్టుకు పోశాను. మునెమ్మ చీపురు ఆపి చూసింది.

"ఎవురికి పాపా?"

నాకే అని చెప్పాను. ఎందుకని అడగలేదు. ఆమెకు నలుగురు పిల్లలు, తొమ్మిది మంది మనవళ్ళు. గ్లాసు కడిగి తెచ్చి నా చేతికిచ్చింది. వగరు లేదు, చప్పగా ఉన్నాయి. పదకొండు రోజులు, పూటకో గ్లాసు. పద్దెనిమిదో రోజు నా పళ్ళెం కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. శుభ్రంగా ఉంది.

వళ్లి ఇంటికి ఆదివారం పొద్దున పోయాను. నెల రోజులుగా రాలేదేమని అది నిలదీసింది, పనుల ఒత్తిడి అన్నాను. పాప దాని భుజం మీద ఉంది. నాలుగో నెల నడుస్తోంది, బుగ్గలు వచ్చాయి. చేతులు చాపాను. దూకలేదు. నన్ను చూసింది, నా వెనక తలుపును కూడా అట్లాగే చూసింది. వళ్లి నవ్వి, అలిగిందేమోలే అని తనే నా చేతుల్లో పెట్టింది. పిల్ల నా మెడ దగ్గర ముక్కు ఆనించింది. ఒకసారి వెతికింది, రెండోసారి వెతికింది. ఆ రెండోసారికి నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత ఒళ్ళు విరుచుకుని తల్లి వైపు తిరిగి ఏడ్చింది. ఇచ్చేశాను. అక్కడ ఊరుకుంది. నేను కోరి చేసుకున్నదే అది, అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అయినా చేతులు అట్లాగే చాపి ఉన్నాయి, ఎప్పుడు దించానో తెలియదు.

వళ్లి నన్నే చూస్తోంది. పాపను మంచం మీద పడుకోబెట్టి దగ్గరికి వచ్చింది. చిన్నప్పటిలా నా మెడ చుట్టూ చేతులు వేసి ముక్కు ఆ గుంటలో పెట్టింది. అట్లాగే ఆగిపోయింది. దాని ఒళ్ళు బిగుసుకోవడం నాకు తెలుస్తోంది.

"ఏం చేసినావక్కా?"

అది ఏడుస్తూనే తొందర తొందరగా చెప్పింది. మొదటి నీళ్ళతో కడుక్కోమంది, తన ఒంటి నుంచి తిరిగి తీసుకోమంది, ఒక గుడ్డ చాలు గదా అంది. నిజమే, ఒక గుడ్డ చాలు. ఇప్పుడు కాదు, పాపకు వాసనతో పని తీరి మొహాలు గుర్తుపట్టే రోజు వచ్చాక చూద్దాం అన్నాను. అప్పటిదాకా ఎట్లా ఉంటావని అడిగింది.

దాని తల నా భుజం మీదికి లాక్కుని జుట్టులో మొహం పెట్టుకున్నాను. అప్పుడు తగిలింది. కొంచెం మెంతుల వాసన, ఎండలో ఆరిన పాత పక్కబట్ట వాసన, దాని కింద పేరు తెలియని ఇంకేదో వెచ్చనిది. నలభై రెండేళ్ళు అందులోనే బతికాను, ఒక్కసారి కూడా నాకు తెలియలేదు. ఎవరి వాసన వాళ్ళకు తెలియదు. పాప ఇన్నాళ్ళూ నా దగ్గర దేన్ని వెతుక్కుందో అప్పుడు తెలిసింది. వళ్లి మెడ పట్టుకుని ఇంకొంచెం సేపు అట్లాగే ఉండిపోయాను.